అయిదో నంబరు కంప్యూటర్

కనకరాజు కుడిచేతికి మూడు వేళ్ళే ఉండేవి. మిగతా రెండు 2003లో నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పోయాయి. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, సీలింగ్ ఫ్యాన్ల రేకులు కొట్టే కార్ఖానాలో పదకొండేళ్ళు పవర్ ప్రెస్ మీద పనిచేశాడు. ఆ రోజు కాలితో పెడల్ తొక్కాడు. ప్రెస్ దిగలేదు. రేకు వంకరగా పడిందేమోనని చెయ్యి లోపల పెట్టాడు. అప్పుడు దిగింది. పక్క మెషీన్ మీద పనిచేసే మొగిలయ్య తల తిప్పి చూసేసరికి రేకుతోపాటు చూపుడువేలు, మధ్యవేలు కూడా అణిగిపోయి ఉన్నాయి. మొగిలయ్య వాటిని చేతిరుమాలులో చుట్టి, కనకరాజును ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరు రుమాలు విప్పి చూసి మళ్ళీ మూసేశాడు.

మూడేళ్ళ తర్వాత ఉప్పల్ చౌరస్తా వెనక సందులో కనకరాజు ఒక గేమింగ్ సెంటర్ పెట్టాడు. ఎనిమిది కంప్యూటర్లు, ఒకదానికొకటి వైర్లతో కలిపి. అక్కడ ఎక్కువగా ఆడేది తుపాకుల ఆట. రెండు జట్లు తెర మీద కాల్చుకుంటాయి. ఆడేవాళ్ళు సెట్టింగులన్నీ కెలికి పోతున్నారని అతను ఒక సాఫ్ట్‌వేర్ వేయించాడు. ఎవరేం మార్చినా సరే, రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ మొదటి రోజున ఎలా ఉందో అలాగే అయిపోయేది. ఏదైనా నిలిచేలా మార్చాలంటే కనకరాజు తన పాస్‌వర్డ్ కొట్టి ఆ తాళం తీయాల్సిందే.

ఎనిమిదింటిలోనూ వి-సింక్ అనే సెట్టింగు ఆన్‌లోనే ఉండేది. అది లేకపోతే తెర మీద బొమ్మ మధ్యలో అడ్డంగా కోసినట్టు కనిపిస్తుంది. పైసగం పాత బొమ్మ, కిందిసగం కొత్త బొమ్మ. ఇంటికి కంప్యూటర్ కొనుక్కోలేని వాళ్ళు వచ్చే చోట బొమ్మయినా శుభ్రంగా ఉండాలని అతని పట్టుదల.

దాన్ని తీసేయమని అడిగింది హరీష్. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. సన్నగా ఉండేవాడు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

“అన్నా, వి-సింక్ తీసెయ్. చెయ్యి ముందుగాల పోతది, బొమ్మ ఎన్కకెల్లి వస్తది. గా జరంత సేపట్లనే సచ్చిపోతున్నం.”

“తీసేస్తే బొమ్మ నడుమల చీరుకపోతది కదనే?”

“చీరుకపోనీ. మంచిగ కనవడుడు సినిమా సూసెటోళ్ళకు గావాలె. మాకు కొట్టంగనే పడాలె.”

కనకరాజు కూర్చుని ఎడమచేత్తో మౌస్ పట్టుకుని విసురుగా తిప్పాడు. తెర మీద తుపాకీ ఒక్క రవ్వ ఆలస్యంగా తిరిగింది. ఇంకెవరికైనా అది తెలిసేది కాదేమో. కనకరాజుకు మాత్రం ఆలస్యంగా దిగిన ప్రెస్ గుర్తొచ్చింది. మౌస్ మీదినుంచి చెయ్యి లాగేసుకున్నాడు.

“నువ్వు జెప్పింది కరెక్టే. పోటీ నాడు అన్నిట్ల తీసేస్తా,” అన్నాడు.

ఆ పోటీ 2008 మే నెలలో ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్నారు. నాచారం జట్టుకు హరీష్, ఉప్పల్ జట్టుకు ఉపేందర్. ఉపేందర్‌ది ఉప్పల్ పాత ఊరు. వాళ్ళ పొలాలు కాలనీలు అయిపోయాయి, పని లేదు, జిమ్ముకు పోయి కండలు పెంచాడు. అంతకుముందు నెలలో ఆట ఓడి, నవ్వినవాడి ముందుపళ్ళు రెండు రాలగొట్టాడు. కనకరాజును ఎదురుగానే “మొండిరాజు” అని పిలిచేవాడు. కనకరాజు పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాడు.

పోటీ రోజు పొద్దున కనకరాజు ఒక్కో కంప్యూటర్ తాళం తీసి, వి-సింక్ ఆపి, మళ్ళీ తాళం వేసుకుంటూ వచ్చాడు. అయిదో నంబరు దగ్గరికి వచ్చేసరికి షట్టర్ దగ్గర ఎవరో పిలిచారు. ఆ తొందరలో తాళం తీయకుండానే వి-సింక్ ఆపేసి లేచాడు. తిరిగి వచ్చి ఆరో నంబరు నుంచి మొదలుపెట్టాడు. ఆటకు కూర్చున్నప్పుడు ఉపేందర్ వంతుకు ఆ అయిదో నంబరే వచ్చింది.

మొదట ఉప్పల్ వాళ్ళే గెలుస్తూ వచ్చారు. ఉపేందర్ కనబడినవాణ్ణల్లా కాల్చేస్తున్నాడు. అంతలో కరెంటు పోయింది. పది నిమిషాలకు వచ్చింది. అన్నీ మళ్ళీ ఆన్ చేసి, ఆపిన చోటినుంచి మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి ఉపేందర్ చావడం మొదలైంది.

“రాజన్నా, ఇది గుంజుతుంది, బొమ్మ ఎన్కకెల్లి వస్తుంది,” అన్నాడు.

“ఏం గుంజుతలేదు. ఆడు.”

మరో రెండు చావుల తర్వాత మళ్ళీ అన్నాడు. “చెయ్యి అందుతలేదన్నా, జర సూడు.”

కనకరాజు స్టూలు మీదినుంచి లేవలేదు. ఉపేందర్ ఓడుతుంటే అతనికి లోపల హాయిగా ఉంది. మూడోసారి పిలిచినప్పుడు విననట్టే ఉండిపోయాడు.

హరీష్ మళ్ళీ ఉపేందర్‌ను కాల్చి, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. “ఏందిరా, జిమ్ముల చెయ్యి పట్టేసిందా?”

ఉపేందర్ కీబోర్డును వైరుతో సహా పెరికి హరీష్ మొహం మీద కొట్టాడు. మీటలు ఊడి గోడకు తగిలాయి. హరీష్ లేవబోతే కడుపులో తన్నాడు. రెండు జట్లూ ఒకరిమీద ఒకరు పడ్డాయి. కుర్చీలు గాల్లోకి లేచాయి. ఒక మానిటర్ కిందపడి పేలింది. కనకరాజు మధ్యలోకి దూరి ఉపేందర్ చొక్కా పట్టుకున్నాడు.

“మొండిచెయ్యోడా, నువ్వే జేసినవ్! నాచారమోనికి అమ్ముడువోయినవ్!” అని ఉపేందర్ అతని మూతి మీద గుద్దాడు. కనకరాజు ఒక పన్ను, నోటినిండా నెత్తురు ఉమ్మేసి గోడకు ఆనుకున్నాడు. ఉపేందర్ హరీష్ జుట్టు పట్టి తలను టేబుల్ అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. హరీష్ కళ్ళు తేలేశాడు.

గోడ పక్కన షట్టర్ లాగే ఇనుప రాడ్ ఉంది. కనకరాజు దాన్ని అందుకుని, టేబుల్ మీద ఆనించి ఉన్న ఉపేందర్ కుడి మణికట్టు మీద కొట్టాడు. ఆ ఒక్క దెబ్బకే చెయ్యి పట్టు వదిలేసింది. హరీష్ కిందికి జారిపోయాడు. అక్కడితో అయిపోవాల్సింది. కనకరాజు రాడ్ మళ్ళీ ఎత్తాడు. రెండో దెబ్బ, మూడో దెబ్బ ఆ చేతివేళ్ళ మీద పడ్డాయి. ఉపేందర్ అరుపుకు సందులో జనం పోగయ్యారు. గదిలో కొట్టుకుంటున్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

హరీష్ తలకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఉపేందర్ మణికట్టు రెండు చోట్ల విరిగింది, రెండు వేళ్ళు ఇక వంగవన్నారు. పోలీసులు కనకరాజును తీసుకుపోయే ముందు కంప్యూటర్లు ఆపుకోమన్నారు. అయిదో నంబరు ఆపబోతూ అతను సెట్టింగులు తెరిచి చూశాడు. వి-సింక్ ఆన్‌లో ఉంది. పొద్దున తాను తాళం తీయకుండా ఆపినందుకు, కరెంటు పోయి వచ్చాక అది పాత స్థితికి వెళ్ళిపోయింది. కనకరాజు ఆ కుర్చీలో కూలబడ్డాడు. కానిస్టేబుల్ రెక్క పట్టి లేపాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున ఉపేందర్ తల్లి ఉప్పలమ్మ పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. కనకరాజును బయటికి తెస్తుండగా చెప్పు తీసి చెంపల మీద ఎడాపెడా వాయించింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“అమ్మా, నీ కొడుకు జెప్పింది నిజమే. ఆ మెషీన్ గుంజింది. తప్పు నాదే,” అన్నాడు.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. “నిజమైతే మరెందుకు కొట్టినవ్‌రా?” అని అడిగింది. మళ్ళీ కొట్టింది.

అతను బెయిలు మీద వచ్చిన రోజే, పట్టపగలు, ఉపేందర్ చిన్నాన్న కొడుకులు క్రికెట్ బ్యాట్లతో వచ్చి సెంటరంతా ధ్వంసం చేశారు. కనకరాజు సందులో నిలబడి చూశాడు. అతని భార్య హైమావతి ఒకడి చెయ్యి కరిచి పట్టింది. వాడు ఆమెను మురుగు మోరీలోకి తోశాడు. కనకరాజు ఆమెను లేపి కొంగుతో మొహం తుడిచాడు. లోపలికి మాత్రం పోలేదు.

“నువ్వు మొగోనివేనా? గట్ల సూస్కుంట నిలబడితివి!” అని ఆమె ఏడ్చింది.

“ఇంగ నేను చెయ్యి లేపనే,” అన్నాడు.

కోర్టులో హరీష్ అతని పక్షానే సాక్ష్యం చెప్పాడు. రాజన్న కొట్టకపోతే తాను చచ్చేవాణ్ణన్నాడు. కనకరాజును అడిగినప్పుడు, “మూడు దెబ్బలు కొట్టిన. మొదటిది ఆపనీకి. తర్వాతియి రెండు కోపంతోటి,” అన్నాడు. వకీలు తల పట్టుకున్నాడు. ఎనిమిది నెలలు చర్లపల్లి జైల్లో ఉన్నాడు. అక్కడ ఒకడు పళ్ళెం కోసం అతని పక్కటెముక విరగ్గొట్టాడు. దానికీ తిరగబడలేదు.

బయటికొచ్చేసరికి హైమావతి నాచారంలో టిఫిన్ బండి పెట్టి నడుపుతోంది. అతను ఆమెతోపాటు నిలబడి ప్లేట్లు అందించేవాడు.

తెలంగాణ వచ్చిన జూన్‌లో, ఒక పొద్దున ఉపేందర్ బైక్ మీద వచ్చి ఆగాడు. ముందు నాలుగేళ్ళ కూతురు కూర్చుని ఉంది. ఇడ్లీ అడిగాడు. ప్లేటు చాచిన మూడువేళ్ళ చెయ్యి చూసి, తర్వాత మొహం చూశాడు. ఎడమచేత్తో కనకరాజు చెంప పగలగొట్టాడు. ప్లేటు రోడ్డు మీద పడింది. హైమావతి ఇనుప గరిటె ఎత్తింది. కనకరాజు ఆమె ముందుకు అడ్డం వచ్చాడు.

“ఉండు. కొట్టనియ్యి.”

ఉపేందర్ మళ్ళీ చెయ్యెత్తాడు. కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది. కనకరాజు పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. ఉపేందర్ చెయ్యి దించి, అటు తిరిగి నిలబడ్డాడు. వీపు ఎగిసెగిసి పడుతోంది.

“బిడ్డ ఆకలితోని ఉన్నది. తినిపియ్యి,” అంది హైమావతి, గరిటె దించకుండానే.

కనకరాజు ఇంకో ప్లేటులో రెండిడ్లీలు పెట్టి పాప చేతికిచ్చాడు. ఆమె ముక్కు ఎగబీలుస్తూ తినసాగింది. తండ్రి వద్దనలేదు. తానేమీ తినలేదు. పాప తినేదాకా బైక్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పాప ఖాళీ ప్లేటు ముందుకు చాచి, “ఇంగింత చట్నీ ఎయ్యి తాతా,” అంది.