ఇందు కూనిరాగం

మా ఇందుకి రెండున్నరేళ్ళు వచ్చినా ఇంకా మాటలు రాలేదు. మనం అనేది అర్థమవుతోందో లేదో కూడా తెలియక నాకు దిగులు. మేముండే హెర్న్‌డన్‌లో ఏ పార్టీకి వెళ్ళినా ఆంటీలు "స్పీచ్ థెరపీ స్టార్ట్ చేశావా అమ్మా?" అంటూనే ఉంటారు. ఆరోజు న్యూయార్క్ వెళ్ళే రైల్లో పక్క సీటులో కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ మాత్రం చాలాసేపు ఏమీ అడగలేదు. ఉండబట్టలేక నేనే చెప్పేశాను.

"మా ఎస్టోనియా దేశంలో మాట్లాడనివాళ్ళని చూసి ఎవరూ కంగారుపడరు," అందావిడ. బృందగానాలకి సంగీతం రాస్తుందట. న్యూయార్క్‌లో ఓ బృందం ఆవిడ కొత్త పాట పాడబోతోందట. "నా మొదటి పాట మధ్యలో అందరూ కాసేపు ఊరుకోవాలి. బృందం చేత పాడించేవాడు అది తీసెయ్యమన్నాడు. నేను తియ్యలేదు. ఇన్నేళ్ళుగా ఆ మౌనం మీదే బతుకుతున్నాను," అని నవ్వింది.

ఇందు కిటికీకి నుదురు ఆనించి ఏదో కూనిరాగం తీస్తోంది. ఆవిడ కాసేపు విని, రాసుకోడానికి పెన్సిల్ తీసి, ఇందు వైపు వంగింది.

"నీ రాగం నా పాటలో పెట్టుకోనా?"

అలవాటుగా నేనే "తప్పకుండా" అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. చెట్లు, ఓ నది, పేరు తెలియని ఊరొకటి వెనక్కి జారిపోయాయి. ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది. చివరికి ఇందు ఆవిడ కళ్ళలోకి చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"సరే, అది నీదే," అంటూ ఆవిడ పెన్సిల్ లోపల పెట్టేసుకుంది.

నేనైతే ఇచ్చేసేదాన్ని. మా అమ్మాయి వద్దంది.