పళ్లెం మీద చేయి

ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో దిగి రిటైరైన లక్ష్మీరాజాన్ని నస్పూర్ కాలనీలో తెల్లమీసం తాత అంటారు. ఆ మీసం చూసే డైరెక్టర్ నవీన ఆయన్ని పట్టుకుంది.

"తాతా, గొప్పోళ్ల మీద ఎక్కిరింపు సినిమా తీస్తున్నం. నువ్వు కోటీశ్వరునివి. మాటల్లేవు, కూసొని తింటే సాలు."

"నేను కోటీశ్వరుని లెక్క కనవడ్తున్ననా బిడ్డా?"

మంచిర్యాల దగ్గర పాత బంగళాలో షూటింగ్. కోట్లు తొడుక్కున్న ఆరుగురు పొడవాటి బల్ల ముందు బిర్యానీ తింటుంటారు. పైనుంచి నల్లటి పొడి రాలుతుంటుంది. ఎవరూ పట్టించుకోకూడదు.

"కండ్ల ముంగట పడ్తుంటే ఎందుకు జూడరు?" అన్నాడు లక్ష్మీరాజం.

"గదే సినిమా తాతా."

ఆయనకు అంతుపట్టలేదు. పొడి పడగానే ఎడమ చేయి దానంతటదే పళ్లెం మీదికి పోయేది. బావిలో సద్దిగిన్నెకు అలాగే అడ్డం పెట్టేవాడు. "చేయి తియ్యి తాతా" అని నవీన మూడుసార్లు ఆపించింది. నాలుగోసారి పొడి మరీ ఎక్కువ రాలింది. పక్కన భార్య వేషం కట్టిన రోజారాణి ముద్ద ఎత్తబోతుంటే, ఆమె పళ్లెం మీద కూడా చేయి పెట్టాడు. ఈసారి నవీన ఆపలేదు. "ఓకే!" అని చప్పట్లు కొట్టింది.

తప్పు చేస్తే మెచ్చుకుంటారేమిటో!

మరుసటేడు కరీంనగర్‌లో సినిమా వేశారు. భార్య సమ్మవ్వతో వెళ్లాడు. ఆ సీను రాగానే హాలంతా గొల్లుమంది.

"ఎందుకు నవ్విన్రే?"

"నాకేమెరుక? నీ మీసం జూసేమో."

బయట కళ్లద్దాల మనిషి ఒకాయన వచ్చి చేయి పట్టుకున్నాడు. "పెండ్లాం పళ్లెం గూడ గుంజుకునే ఆశ! మస్తు జేసిన్రు సార్."

లక్ష్మీరాజం తత్తరపడి నవీనను వెతికాడు. "బిడ్డా, ఆమె తిండ్ల దుమ్ము పడొద్దని పెట్టిన. గాయన గుంజుకున్న అంటుండు. జర చెప్పరాదు."

నవీన ముఖం పాలిపోయింది. "నేను గూడ గట్లనే అనుకున్న తాతా," అంది.

తిరుగు బస్సు సుల్తానాబాద్ దాటింది.

"మరి పక్కన కూసున్న ఆమెకు ఎరుకేనా?" అడిగింది సమ్మవ్వ.

"ఏమో. ఎడమచేయి ఎందుకు పెట్టినవని మాత్రం అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"కుడిచేయి ఎంగిలున్నదన్న."

సమ్మవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వెందుకో కూడా ఆయనకు అర్థం కాలేదు.