నాలుగుసార్లు మోగితే తైసియాకి

మా వాటాల ఇంటి తలుపు మీద గంటల లెక్క రాసిన రేకు ఇప్పటికీ ఉంది. గంట ఒకసారి మోగితే గ్రాచొవ్‌లకి, రెండుసార్లు మాకు, మూడుసార్లు ఫిడేలాయనకి, నాలుగుసార్లు తైసియా ప్రోఖొరొవ్నకి. కాపురాలు మారినప్పుడల్లా లెక్కలు మారేవి గానీ తన నాలుగుని మాత్రం తైసియా పిన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ కోసం వచ్చేవాళ్లు ఏడాదికొకరుంటే గొప్ప. అయినా నాలుగు మోగితే చాలు, పిండి చేతులతోనే పరుగెత్తేది.

ట్రాముల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. రొట్టె పొడి నేల మీద కనిపిస్తే ఉమ్మడి వంటింట్లో అందరినీ ఏకిపారేసేది. ఆవిడంటే నాకు చిరాకు, ఎందుకు దాచాలి?

మా నాయనమ్మ చచ్చేదాకా ఈ ఊరిని పీటర్స్‌బర్గ్ అనే గొణిగింది. మేమంతా ముద్దుగా పీతర్ అంటాం. లెనిన్ పోయాక పార్టీవాళ్లు పెట్టిన లెనిన్‌గ్రాద్ అనేది దరఖాస్తుల్లో రాసుకునే మాట. తొంభై ఒకటి జూన్‌లో పాత పేరు కావాలా వద్దా అని ఓట్లు పెడితే నాకు పండగే అయింది. తైసియా పిన్ని వెళ్లి ‘వద్దు’ అని వేసి వచ్చింది.

పొయ్యి దగ్గర దొరకబుచ్చుకున్నాను. “ఏం పిన్నీ, ఈ వయసులో పార్టీ మీద మనసు పడ్డావా?”

“పార్టీ నాకేం ఒరగబెట్టిందే? నీ సూపు పొంగుతోంది, చూసుకో.”

“మరి ఆ పేరుతో నీకేం చుట్టరికం?”

గరిటె పక్కన పెట్టింది. “మా తమ్ముడు ఫెద్యా. ఐదేళ్లు వాడికి. యుద్ధంలో జర్మన్ల ముట్టడిలో అమ్మ ఆకలికి పోయింది. వారం తిరక్కుండా, గడ్డకట్టిన సరస్సు మీంచి ఊరు దాటించే పిల్లల లారీ ఎక్కించాను. ముందు మూడు రోజులు కూర్చోబెట్టి అడ్రసు వల్లె వేయించా. లెనిన్‌గ్రాద్, తాళ్లవాళ్ల సందు, పదకొండో ఇల్లు, గంట నాలుగుసార్లు. వెధవ ఎంతసేపూ పీతర్ అనేవాడు. కాయితాల్లో ఉన్న పేరు చెప్పకపోతే నిన్ను ఇంటికి తీసుకురారురా అని చెంప మీద ఒకటిచ్చా. ఏడుస్తూ అప్పజెప్పాడు. అదే ఆఖరు.”

“తర్వాత?”

“మంచు పగిలి లారీ మునిగిందన్నారు కొందరు. కాదు, అవతల రైలెక్కాడన్నారు ఇంకొందరు. ఎవర్ని నమ్మను?”

నాకు తల కొట్టేసినట్టయింది. “పోస్టువాళ్లకి రెండు పేర్లూ తెలుసు పిన్నీ,” అన్నాను.

“వాళ్లకి తెలుసు. వాడికి తెలీదుగా, కీరా.”

బతికుంటే వాడికి యాభై నాలుగేళ్లు. పొంగిపోతున్న సూపు దించాను.

సెప్టెంబరులో ఊరి పేరు మారింది. పిన్ని నా గోళ్ల రంగు అడిగి పుచ్చుకుని, రేకు పైన ఎర్రగా ‘లెనిన్‌గ్రాద్’ అని రాసుకుంది. ఎవ్వరం చెరపలేదు. మూడో చలికాలంలో తైసియా పిన్ని పోయింది.

ఆవిడ గదిలోకి కొత్త జంట దిగింది. “నాలుగు ఖాళీయేగా, మాకివ్వండి,” అన్నారు.

“ఖాళీ లేదు. మీకు ఐదు,” అన్నాను. విడ్డూరంగా చూశారు. చూస్తే చూశారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. ఫిడేలాయన తలుపు తీయడానికి వెళ్తున్నాడు. నేను పిండి చేతులతో నడవలో నిలబడి, నాలుగోది కోసం చూస్తున్నాను.