పుల్ల పెట్టిన బ్రేకర్

మా పాలమూరు వైపు బోరు మోటారు స్టార్టర్ డబ్బాకు తలుపు ఉండకపోవచ్చు గానీ పుల్ల మాత్రం తప్పకుండా ఉంటుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో, వచ్చిన వెంటనే మోటారు దానంతటదే తిరగాలని పచ్చ బటన్‌ను లోపలికి నొక్కి వేపపుల్ల అడ్డం పెట్టేవారు. బరువెక్కువై స్టార్టర్ పడిపోయి కరెంటు ఆపుదామన్నా పుల్ల పడనివ్వదు. మోటారు కాలుతుంది. దాన్ని ఆటోలో మక్తల్ తీసుకుపోయి, తీగ చుట్టించుకొచ్చి, మళ్ళీ ఒక కొత్త పుల్ల వెతుక్కునేవారు. తెలంగాణ వచ్చింది, రోజంతా కరెంటు వచ్చింది, పుల్ల మాత్రం పోలేదు.

మా బావ దాన్ని సోలారుకు కూడా పెట్టాడు.

అక్కావాళ్ళ చేను కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోటికి ఇంకా చాలా దూరం. కొట్టం మీద పలకలు, లోపల బ్యాటరీలు, ఇన్వర్టర్, ఆ రెంటికీ నడుమ గోడ మీద, బరువెక్కువైతే పడిపోయి కరెంటు తెంపే ఒక బ్రేకర్. ఆ కరెంటుతోనే అక్క గుడ్లు పొదిగే మిషన్ నడిపేది. అందులో ఆమె కోళ్ళవి కొన్నే. మిగతావి వాడకట్టు ఆడవాళ్ళు పాలుకిచ్చిన గుడ్లు. పిల్లలు లేస్తే సగం వాళ్ళకు, సగం అక్కకు. గొర్రెలను పాలుకివ్వడం మాలో పాతదే. గుడ్లను నమ్మి ఇవ్వడం మాత్రం అక్క ముఖం చూసి మొదలైంది. గుడ్లు చెడితే ఆమె మాట చెడినట్టే.

ఆ ఎండాకాలం ఫ్యాన్లు వేసేసరికి బ్రేకర్ పడిపోసాగింది. ఒకనాడు పొద్దెక్కాక అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, మిషన్ సల్లవడ్డది. మీ బావేమో కరెంటు ఉన్నదంటడు. జల్ది రా.”

నేను పోయేసరికి అక్క మిషన్ మీద గొంగడి కప్పి పక్కనే కూర్చుంది. సోలారు బిగించిన అంగడాయన మీటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బావ నన్ను చూసి నవ్వాడు.

“ఇగో, లైబ్రరీ సారొచ్చిండు. సూడు బామ్మర్దీ, బ్రేకర్ పిడి మీదికే ఉన్నది. పొద్దుగాల్నే పుల్ల పెట్టిన. ఇగ ఎట్ల పడ్తది?”

అంగడాయన తీర్పు కూడా తయారుగా ఉంది. “బ్యాటరీలు మంచిగున్నయి. బ్రేకర్ ఎక్కే ఉన్నది. ఇన్వర్టర్ పోయినట్టే. కొత్తది ఎయ్యాలె.”

“బ్రేకర్ అవతల మీటరు పెట్టినవా అన్నా?”

“ఎక్కే ఉన్నదాన్ని సూసుడెందుకు?”

కంటికి కనబడేదే కరెంటు అనుకునేవాడికి మీటరెందుకో నాకు అర్థం కాలేదు. నేను పదో తరగతి దాటలేదు. కానీ మా మండల గ్రంథాలయంలో ఐటీఐ పిల్లల కోసం రాసిన వైరింగ్ పుస్తకం ఒకటుంది. అట్ట ఊడింది, చెదలు అంచులు తిన్నాయి. నేను తప్ప దాన్ని ఎవరూ తీసినట్టు లేదు. అందులో స్పష్టంగా రాసి ఉంది: బ్రేకర్ పిడిని బలవంతంగా పైకి పట్టుకున్నా, లోపలి కలయిక విడిపోవలసినప్పుడు విడిపోతుంది. పుల్లకు భయపడేది పాత స్టార్టరే.

మీటరు తీసుకున్నాను. బ్యాటరీ వైపు నిండా చూపించింది. ఇన్వర్టర్ వైపు సున్న. పుల్ల పీకగానే పిడి సగానికి జారింది.

“పొద్దుగాల సంది ఇది పడే ఉన్నది బావా. నీ పుల్ల దాన్ని పడకుండ ఆపలే, పడ్డట్టు మనకు కనబడకుండ చేసింది.”

“అయితే నువ్వు ఎక్కియ్యరాదు, మాటలెందుకు?”

ఎక్కిస్తే మళ్ళీ పడుతుంది. ఎందుకు పడుతున్నదో చూడాలి. బ్రేకర్‌లోకి వచ్చే లావు తీగ దగ్గర వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. పొద్దుటి నుంచి కరెంటు పారక తీగ చల్లారినా, దాని మీది తొడుగు వేడికి మెత్తబడి నల్లగా మాడిన గుర్తు కనిపించింది. పలకలు ఆపి, బ్యాటరీ తీగలు విప్పి, ఆ కొస బయటికి లాగాను. తీగను మరకు బిగించేందుకు చివర తొడిగే రాగి లగ్గును నొక్కే పనిముట్టుతో నొక్కలేదు, సుత్తితో చదును చేశారు. వదులుగా ఉన్న చోట కరెంటు వేడి పుట్టిస్తుంది, ఆ వేడి బ్రేకర్‌లోకి పాకుతుంది, ఫ్యాన్లు తోడైతే అది పడిపోతుంది.

“ఇది సుత్తితోని కొట్టినవా అన్నా?” అని అడిగాను.

“అందరికి గట్లనే కొడ్తం. ఎవ్వలేం అనలే,” అన్నాడు అంగడాయన. తప్పును ఊరంతటికీ సమానంగా పంచితే అది పద్ధతి అయిపోతుందని ఆయన నమ్మకం.

ఆయన బండి పెట్టెలోనే నొక్కే పనిముట్టు ఉంది, కొత్తదిలాగే మెరుస్తూ. మాడిన కొస కోయించి, కొత్త లగ్గు నొక్కించి, మరలు నేనే బిగించాను. వేడికి నలిగిన బ్రేకర్‌ను కూడా మార్పించాను. ఫ్యాన్లన్నీ వేసి చూశాం. పడలేదు. మిషన్‌లో దీపం వెలిగింది.

అక్క మాత్రం దీపం చూడలేదు. ఫోన్ లైటు వెలిగించి, గుడ్లు ఒక్కొక్కటే దాని మీద పట్టి చూసింది. కొన్నింటిలో కదలిక ఉంది. కొన్నింటిని పక్కన పెట్టింది.

వారం తర్వాత లేచిన పిల్లలను గంపలో వేసుకుని ఆమె వాడకట్టుకు పోయింది. నష్టంలో సగం మీదీ అని ఎవరితోనూ అనలేదు. అన్ని గుడ్లూ లేచి ఉంటే ఎవరికెన్ని రావాలో అన్నీ ఇచ్చేసి, ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

బావ గంపలోకి తొంగి చూశాడు. “మరి మనకేం మిగిలినయే?”

“నువ్వు మిగిల్నవు,” అంది అక్క. “సాలదా?”