ట్యూన్‌కి కట్టిన గంట

మణికుమార్ పాటలు కట్టడు. పాడడు. ఏ వాద్యాన్నీ సరిగా వాయించలేడు. మధ్యాహ్నం రెండున్నరకి వచ్చే ఒక సీరియల్లో ఎవరు తలుపు తీసినప్పుడు ఏ ట్యూన్ వినిపించాలో, ఎవరు కన్నీళ్లు దాచుకున్నప్పుడు ఏదీ వినిపించకూడదో చెప్పడం అతని పని. హైదరాబాద్ నుంచి దృశ్యాలు ఉత్త మాటలతో వస్తాయి. గుణదలలో మేడమీది గదిలో కిటికీ మూసుకుని వాటిని చూస్తాడు. మాటకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీల్లోకి నీళ్లలోకి చూసినట్టు చూస్తాడు.

ఒకప్పుడు గవర్నర్‌పేట సందులో క్యాసెట్లు నింపి ఇచ్చే కొట్టు ఉండేది అతనికి. పెళ్లికూతురికి ఇవ్వడానికో, లారీలో వినడానికో జనం పాటల జాబితాలు పట్టుకొచ్చేవారు. "ఈ రెండూ పక్కపక్కన పెడితే పోట్లాడుకుంటాయండీ" అని వరస మార్చి ఇచ్చేవాడు. కొట్టు పోయింది. ఆ చెవి మిగిలింది. ఆ రోజుల నుంచీ మిగిలిన ఇంకొకడు నతానియేలు. గుణదలలోనే ఒక చిన్న చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఒక్కో దృశ్యానికి అతను ఐదు ట్యూన్లు కట్టి పంపితే, మణికుమార్ ఒకటి ఎంచి హైదరాబాద్ పంపుతాడు. ఎపిసోడ్ ప్రసారమయ్యేదాకా ట్యూన్ బయట ఎవరూ వినకూడదన్నది సీరియల్ వాళ్ల షరతు.

ఎంచడంలో మణికుమార్ రహస్యం ఒకటుంది. నతానియేలుకి కూడా చెప్పలేదు. తల్లి పుట్టిల్లు మంగళగిరి. అక్కడ పెద్దమ్మ బుల్లెమ్మ షెడ్డులో ఆరు గుంట మగ్గాలు. ఏ ట్యూనో తేలనప్పుడు బస్సెక్కి అక్కడికి పోతాడు. చిన్న స్పీకరు కిటికీలో పెట్టి, ఏమీ చెప్పకుండా ట్యూన్ వదులుతాడు. ఎవరి మొహమూ చూడడు. మగ్గాలు వింటాడు. ట్యూన్‌లో ప్రాణం లేకపోతే ఆరు మగ్గాలూ ఎవరి గోల వాళ్లదిగా ఆడుతూనే ఉంటాయి. ఉంటే మాత్రం ఒకటి నెమ్మదిస్తుంది, దాని పక్కది నెమ్మదిస్తుంది, కాసేపటికి ఆరూ ఒకే అడుగు వేస్తాయి, చెదురుమదురు చినుకులు ఒక్క వానగా కుదురుకున్నట్టు. ఆ ట్యూనే హైదరాబాద్ వెళుతుంది. షరతు అతనికి తెలుసు. కానీ పాకే వయసు నుంచి ఆ మగ్గాల కింద ఆడుకున్న మనిషికి పెద్దమ్మ షెడ్డు 'బయట' అని ఎన్నడూ తోచలేదు.

సీరియల్లో కథానాయిక అక్షయ ట్యూన్ కూడా అలాగే తేలింది. ఒక శనివారం షెడ్డులో ట్యూన్ మోగుతుండగా ఫోనొచ్చింది. ఆపి, మాట్లాడి, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఆరు మగ్గాలూ కలిశాయి. సంతోషంగా పంపేశాడు.

పదహారు రోజుల తర్వాత, సోమవారం పొద్దున, దర్శకుడు చక్రి ఫోను చేశాడు.

"మణి గారూ, మన అక్షయ ట్యూన్ ఇంకెవరికైనా ఇచ్చారా?"

"లేదు సార్. మీకు పంపాను, అంతే."

"అయితే ఇది వినండి."

వేరే ఛానెల్లో రాబోతున్న సీరియల్ ప్రకటన అది. ఇరవై సెకన్లు. వయొలిన్ మీద అక్షయ ట్యూనే. కాకపోతే రెండో వరస చివర ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, మొదటినుంచి అందుకుని అప్పుడు ముందుకు నడిచింది.

"ఇక్కడ విన్నది నేనూ, మా ఎడిటరూ. మిగిలింది మీరిద్దరు" అన్నాడు చక్రి. "శుక్రవారం లోపు ఎవరో చెప్పండి. చెబితే ఒక్కరే పోతారు. చెప్పకపోతే ఇద్దరూ. నన్ను అపార్థం చేసుకోకండి, నా మీదా అనుమానమే ఉంది ఛానెల్‌కి."

మణికుమార్ ఆ ఇరవై సెకన్లూ మళ్లీ మళ్లీ విన్నాడు. ఆ వెనక్కి వెళ్లడం దగ్గరే అతని చెవి చిక్కుకుంది. దొంగిలించిన సైకిలుకి రంగు మార్చినట్టు ఎవరో కావాలనే మార్చారు. అతుకు తెలియకుండా అంత నేర్పుగా మార్చగలిగేది ఎవరు? కట్టినవాడే.

నతానియేలుకి ఆ ఫోను సంగతి చెప్పలేదు. చూడటం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషిలో ఇన్నాళ్లూ చూడనివి కనబడ్డాయి. ఫోను బల్లమీద బోర్లా పెడుతున్నాడు. మెడలో కొత్త ఇయర్‌ఫోన్స్. మాటల మధ్యలో లేచి మెట్లమీదికి పోయి, గొంతు తగ్గించి నవ్వుతున్నాడు.

"ఎవర్రా?" అన్నాడు మణికుమార్.

"చర్చి వాళ్లు."

మంగళవారం పదకొండింటికి చర్చి వాళ్లకి అంత నవ్వొచ్చే సంగతి ఏముంటుంది? అనుమానం ఏలూరు కాలవలో గుర్రపు డెక్కలా పరుచుకుంది. నిన్న ఒక మూల ఆకుపచ్చగా ఉన్నది, పొద్దునకల్లా నీళ్లే కనబడకుండా. పైకి పూలు కూడా పూసింది. నతానియేలు తెచ్చిన టీ తాగుతూ, ఈ టీ ఇవాళ ఎందుకు తెచ్చాడు అనుకున్నాడు.

"చక్రి గారు అక్షయకి ఇంకో ట్యూన్ అడుగుతున్నారు" అన్నాడు, కళ్లు అతని మొహం మీదే పెట్టి.

"అదేంటి, ముందుది బ్రహ్మాండం అన్నాడుగా?"

"ఏమో మరి. నీకేమైనా తెలుసా?"

"నాకెట్టా తెలుస్తదిరా? మాట్లాడేది నువ్వు" అన్నాడు నతానియేలు. ఆ మాట చాలా తొందరగా వచ్చిందనిపించింది మణికుమార్‌కి.

బుధవారం కొత్త ట్యూన్ వచ్చింది. హైదరాబాద్ పంపేముందు మణికుమార్ దాని చివర ఒక చిన్న గంట చప్పుడు కలిపాడు. నతానియేలు దగ్గరున్న దానిలో గంట లేదు. ఈసారి ట్యూన్ గంటతో బయటపడితే హైదరాబాద్ నుంచి, గంట లేకుండా బయటపడితే ఇక్కడి నుంచి. కలిపాక తన చేతులు చూసుకున్నాడు. కాసేపు ఎవరివో పరాయివిలా కనిపించాయవి.

గురువారం పొద్దున చక్రి ఆ ఫైలునే తిరిగి ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద, "ఓకే. చివర గంట బావుంది."

పావుగంటలో నతానియేలు మెట్లెక్కి వచ్చాడు.

"గంట నేను పెట్టలేదే."

"సీనుకి కావాలనిపించింది."

"ఆ సీన్లో గుడి లేదు, బడి లేదు. అక్షయ అంట్లు తోముతోంది. గంట ఎక్కడ మోగిందిరా?"

మణికుమార్ కిటికీ వైపు చూశాడు. కిటికీ మూసే ఉంది.

"మా నాన్న గేదెకి కట్టేవాడు గంట. ఎవరి చేలో పడిందో తెలవడానికి" అన్నాడు నతానియేలు నెమ్మదిగా. "నువ్వు నా ట్యూన్‌కి కట్టావు."

ఇక దాచలేక, చక్రి పెట్టిన శుక్రవారం గడువు సంగతి చెప్పి ఆ ప్రకటన వినిపించాడు మణికుమార్. "ముందు దీని సంగతి చెప్పు."

నతానియేలు రెండుసార్లు విన్నాడు. మొహంలో కోపం పోయి ఏదో ఆసక్తి వచ్చింది. అది కూడా నటనేమో అనుకున్నాడు మణికుమార్.

"ఈ వెనక్కి పోవడం నాది కాదు. కీబోర్డు మీద వేళ్లు ఇక్కడ ఆగవు. ఇది ఎవరో గొంతుతో పాడింది, ఊపిరి దగ్గర ఆగారు. దాన్ని విని వయొలిన్ వాడు వాయించాడు."

"గొంతుతో ఎవరు పాడతారు? విన్నది మనిద్దరమే."

"అంటే నేనే అంటావు. రేపు చక్రికి నా పేరు చెప్తావా?"

చెప్పనని అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు.  నతానియేలు ఫోను జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మణికుమార్ మంగళగిరి బస్సెక్కాడు. కొత్త ట్యూన్ పరీక్షించాలని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ గదిలో ఉండలేకపోయాడు. వారధి కింద కృష్ణలో ఇసుక దిబ్బలే ఎక్కువ, నీళ్లు వాటి మధ్య నుంచి తప్పుకుని తిరుగుతున్నాయి.

షెడ్డు గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి. సంచిలో స్పీకరు ఇంకా తియ్యలేదు. లోపల బుల్లెమ్మ గుంటలో కాళ్లాడిస్తూ, పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసురుతూ కూనిరాగం తీస్తోంది. అక్షయ ట్యూన్. ఒక వరస. రెండో వరస. అక్కడ ఆగింది. ఆమెతో పాటు ఆరు మగ్గాలూ ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఆరూ కదిలాయి.

"పెద్దమ్మా, అక్కడ ఎందుకు ఆగావు?"

"ఏరా మణీ, ఎప్పుడొచ్చావు? ఆ పాటంతేగా నాయనా. నువ్వు పెట్టిన రోజు అక్కడే ఆగి, మళ్లీ మొదలైంది. ఆ ఆగడమే బావుంది. నాడెలో నూలైపోయిన కండె మార్చుకోడానికి వీలు."

ఫోనొచ్చి తను ఆపిన చోటు అది. లోకంలో ఇంకెవరి దగ్గరా లేనిది.

బుల్లెమ్మ కోడలు శ్రీదుర్గ మంచినీళ్లు తెచ్చింది. నేసిన చీరలు ఫోన్లో వీడియోలు తీసి అమ్ముతుంది ఆమె.

"బావగారూ, మీరొచ్చి వెళ్లిన మర్నాడు అత్తయ్య పాడుతుంటే తీసి రీల్ పెట్టాను. నాలుగు లక్షల మంది చూశారు! చీర ఎంతని అడిగినవాళ్లకన్నా పాటేంటని అడిగినవాళ్లే ఎక్కువ."

"ఏం చెప్పావమ్మా?"

"మా అత్తయ్య పాటని చెప్పా."

మణికుమార్ అరుగు మీద కూలబడ్డాడు. జరిగింది విని బుల్లెమ్మ నాడె పక్కన పెట్టింది.

"అంత దాచుకోవాల్సిందైతే ఆరు మగ్గాల మధ్య ఎందుకు పెట్టావురా? చెవులు మూసుకుని నెయ్యమంటావా మమ్మల్ని?"

మణికుమార్ లేచాడు. షెడ్డు బయట వేపచెట్టు నీడలోకి వెళ్లి చక్రికి ఫోను చేశాడు.

"నా నుంచే పోయింది సార్. నతానియేలుకి సంబంధం లేదు."

మగ్గాల సంగతీ, పెద్దమ్మ పాట సంగతీ అంతా చెప్పాడు. "మగ్గాలంటారు, పెద్దమ్మంటారు. కథ బావుంది. నతానియేలు గారు ఇలా చెప్పమన్నారా?"

తను మూడు రోజులుగా మాట్లాడిన గొంతులాగే ఉంది అది. మణికుమార్ వాదించలేదు. రీల్ పంపాడు. పది నిమిషాలకి చక్రి మళ్లీ చేశాడు.

"చూశాను. ఇక నుంచి ట్యూన్లు నతానియేలు గారే నేరుగా నాకు పంపుతారు. మీ పని ఇక్కడికి ఆపుదామండీ."

"అలాగే సార్."

శుక్రవారం సాయంత్రం చర్చిలో పాటల సాధన అయ్యేదాకా మణికుమార్ బయట నిలబడ్డాడు. నతానియేలు కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ చూశాడు.

"రీల్ చూశా. మీ పెద్దమ్మ నాకన్నా బాగా పాడింది."

"తప్పయిపోయిందిరా."

"అయింది."

గుడ్డ అంచులు సర్దాడు నతానియేలు. అతని మెడలో కొత్త ఇయర్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. ఎక్కడివని మణికుమార్ అడగలేదు. అడగాలని మాత్రం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో దాన్ని మింగాడు.

మంగళవారం మధ్యాహ్నం అతని ఫోన్లో ఐదు ఫైళ్లు పడ్డాయి. నతానియేలు పంపినవి. పక్కన ఒక్క అక్షరం లేదు. హైదరాబాద్‌కి నేరుగా పోవలసినవి ముందు ఇక్కడికి వచ్చాయి. మణికుమార్ కిటికీ తెరిచి, కళ్లు మూసుకుని, మగ్గం తొక్కుతున్నట్టు పాదాలు కదుపుతూ విన్నాడు. ఐదు ట్యూన్ల చివరా గంట ఉంది. మొదటి దాంట్లో చెవి పక్కనే. ఐదో దానికి వచ్చేసరికి ఎక్కడో గట్టు దాటిపోతున్నంత దూరంగా.

"మూడోది" అని పంపాడు.

కాసేపటికి జవాబొచ్చింది. "గంట తియ్యనా?"

మూడోది ఇంకోసారి విని, "ఉంచు" అని రాశాడు.