పొట్టివాళ్ళకు ముందు బొంగు

నాయన భుజం మీదికి ఇక పల్లకి రాదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధి పూలామె. పొద్దున్నే మల్లెలు మూర వేస్తూ చెప్పింది: "పాపా, గుడి తలుపుకు ఇంగిలీసు కాగితం అంటించినారు. మీ నాయనకు ఈ ఏడు పల్లకి బొంగు లేదంట. పోయి సదువు, సదువుకున్న బిడ్డివి గదా."

నేను బడికి పోయినదాన్ని కాదు. నాయన చిత్తూరు బెల్లం మండీలో తూకం వేసే మనిషి. తెలుగు అక్షరాలు, ఎక్కాలు ఆయనే నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం బెల్లం చుట్టి తెచ్చిన మద్రాసు పేపర్ల నుంచి, అట్ట ఊడిన ఒక నిఘంటువు నుంచి నేనే పోగుచేసుకున్నాను. అందుకే డెబ్బయ్యో దశకంలో నా ఇంగ్లీషుకు చీమలు పట్టి ఉండేవి.

కాగితంలో ఉన్నది ఇంతే. ఉత్సవానికి పెద్ద ఆఫీసరు వస్తున్నారు, ఫోటో తీస్తారు, కనుక పల్లకి మోసే నలుగురూ ఒకే స్టేచర్ గలవాళ్ళై ఉండాలి. కింద గుడి కమిటీ కొత్త ప్రెసిడెంటు సంతకం. మద్రాసులో ఉద్యోగం చేసి రిటైరై వచ్చినాయన.

నిఘంటువు తీశాను. స్టేచర్ అంటే మనిషి ఎత్తు. రెండో అర్థం, నలుగురిలో మనిషికి ఉండే స్థాయి. మనుషులకే వాడాలి, కొండలకూ గోడలకూ వాడకూడదని కింద ఒక ముక్క. నాయనకు అంతా చదివి వినిపించాను. "రెండోది మనకుండాది గదా. మొదటిదే నాలుగడుగుల పదకొండు. సగం మార్కులకు పాసు చెయ్యరా?" అన్నాడు.

చెయ్యలేదు. గుడి స్తంభం మీద అయిదడుగుల ఆరంగుళాల దగ్గర సుద్దతో గీత గీశారు. నాయన తలపాగాతో నిలబడ్డాడు, తీయమన్నారు. మడమలు లేపాడు, దించమన్నారు. నాయనతో పాటు బొంగు పట్టే మా చిన్నాయన ఆయనకంటే అరంగుళం పొడుగు. జన్మంతా ఆ అరంగుళం చూసుకుని మురిసిన మనిషి, ఆ రోజు అదీ అక్కరకు రాలేదు.

ఇందులో పోయేదేమిటో చెప్పాలి. మా వీధి ఏటవాలు. పల్లకి గుడి దగ్గర బయలుదేరి వీధి ఎక్కి, కొసన ఉన్న పెద్ద రాతిగుండు దగ్గర మళ్ళుకుని దిగి వస్తుంది. ముత్తాత కాలం నుంచి ఎక్కేటప్పుడు ముందు బొంగు మా ఇంటివాళ్ళది. దిగేటప్పుడు మాత్రం వెనక బొంగుకు పోయేవాళ్ళు. దానికి నాయన చెప్పే కారణం వింటే కళ్ళు చెమర్చేవి. పోయేటప్పుడు దక్కిన మర్యాదను వచ్చేటప్పుడు సామి వెనక దించెయ్యాలట. మండీలో ఆయన్ను అందరూ పొట్టోడా అనే పిలిచేవాళ్ళు. పల్లకి రోజు మాత్రం అదే నోళ్ళు జరగండి జరగండి అని దారి ఇచ్చేవి. ఏడాదిలో ఆ ఒక్కరోజు తీసేస్తే ఆయనకు మిగిలేది త్రాసే.

సాయంత్రం గుడిలో దీపం పెడుతూ సామితో కొంచెం గట్టిగానే మాట్లాడాను. నువ్వు మాత్రం ఎంత పొడుగు, పీటతో కలిపి అడుగున్నర, ఆ గీత కింద నిలబెడితే నిన్నూ ఇంటికి పంపేవాళ్ళు కదా అన్నాను. సామిది ఎప్పటి నవ్వుమొహమే.

ఉత్సవం రోజు నలుగురు పొడుగాటివాళ్ళు కొత్త పంచెలతో పల్లకి ఎత్తారు. గుడి ముందు చదునుగా ఉన్నంతసేపు చూడముచ్చటగానే ఉంది. ఎక్కుడు మొదలయ్యేసరికి పల్లకి ముందు లేచింది, వెనక కుంగింది. పూలదండలు జారాయి. సామి ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టాడు. పూజారి మంత్రం ఆపి రెండు చేతులతో వెనక నుంచి ఆనించి పట్టుకున్నాడు. వెనకవాళ్ళను మునివేళ్ళ మీద నడవమని ప్రెసిడెంటు కేకలు.

"సామి సూడప్పా," అంది పూలామె, "సెలూను కుర్చీలో గెడ్డానికి వాలినట్టుండాడు."

వీధంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. గంపతోనే ప్రెసిడెంటుకు అడ్డం పోయి నిలబడింది. "ఇరవై ఏండ్లుగా నెత్తిన బరువుతో ఈ ఎక్కుడు ఎక్కతా ఉండా. ఎక్కేటప్పుడు ముందర పొట్టోళ్ళు, దిగేటప్పుడు ఎనక పొట్టోళ్ళు. అట్టయితేనే సామి కూసుంటాడు. మర్యాదా లేదు, మన్నూ లేదు. ఈళ్ళ ముత్తాత పొట్టోడు, అందుకే పిలిచినారు."

మా అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ నాయన అంతా విన్నాడు. ప్రెసిడెంటు తీసుకున్నది బొంగు ఒక్కటే, ఈమె మూడు తరాల గొప్పను కూడా నడివీధిలో ఊడబెరికిందే అని నాకు ఒళ్ళు మండింది. ప్రెసిడెంటు ఎటో చూస్తూ చెయ్యి ఊపాడు, రమ్మన్నట్టు. నాయన కదల్లేదు.

"రోసం మజ్జానం సూపిద్దువులే అన్నా," అంది పూలామె. "ముందు సామిని కూసోబెట్టు."

నాయన మెల్లగా నవ్వాడు. "అంటే మా పొట్టితనానికి సామి ఇన్నేండ్లుగా పని పెట్టినాడన్న మాట," అని చిన్నాయనను కేకేసి, కండువా మడిచి భుజాన వేసుకుని దిగాడు. ముందున్న పొడుగాటివాళ్ళిద్దరూ తప్పుకున్నారు. పల్లకి సర్దుకుంది. సామి మళ్ళీ మనుషుల వైపు చూశాడు.

ఆఫీసరు కోసం తీసిన ఫోటోలో పల్లకి నీళ్ళ మీద తేలినంత సమంగా ఉంది. నాయన మాత్రం పడలేదు, ముందు ప్రెసిడెంటు నిలబడ్డాడు. బొంగు మీద నాయనవి నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. అమ్మ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ వేళ్ళను చూపించేది. ఆ తర్వాత మర్యాద కథ నాయన మళ్ళీ చెప్పలేదు. "మేం పొట్టోళ్ళం గదా, అందుకే ముందర," అని చెప్పేవాడు, అదే గర్వంతో.

స్టేచర్ అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ ఎక్కుడే గుర్తుకొస్తుంది. సామి నాకు చాలా ఇచ్చాడు, ఆ ఉదయం కూడా అందులోదే. పూలామె ఎత్తు ఎంతో నాకు తెలియదు. నెత్తిన గంప లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు, ఏ స్తంభం దగ్గరా ఆమెను ఎవరూ కొలవలేదు. మీ వీధిలో ఎప్పుడైనా పల్లకి వాలకుండా పోతుంటే, దండం పెట్టుకున్నాక ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి.