కదిరి బస్సుకు అడ్డమొచ్చిన వెదురు తెర

ఇంటి ముందు కొత్త మనిషి కనిపిస్తే ‘ఎవరు కావాలి?’ అని మనం అడిగే కాలమిది. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గోరంట్లలో మా ఇంటి ముందు కూర్చున్నవాళ్లే ఆ మాట మమ్మల్ని అడిగేవాళ్లు. నమ్మండి, నన్నే అడిగారు. కొత్తగా టీచరుద్యోగంలో చేరి, కొత్త చేతిసంచీ భుజానికి తగిలించుకుని దర్జాగా బడి నుంచి వస్తుంటే, మా జగిలి మీద, అంటే ఇంటి ముందరి అరుగు మీద, కాళ్లు చాపుకుని కూర్చున్న ఒకాయన నన్ను కిందికీ మీదికీ చూసి, “ఎవురు గావాల పాపా? ఇంట్లోవాళ్లు అన్నం తింటాండారు, రోంతసేపు ఇట్ల కూర్చో” అని పక్కకు జరిగి చోటిచ్చాడు. మా ఇంట్లో నాకు చోటిచ్చాడు! ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

తప్పంతా ఆ రోడ్డుది. హిందూపురం నుంచి కదిరికి పోయే బస్సులు సరిగ్గా మా ఇంటి ఎదురుగా ఆగేవి. అక్కడ షెడ్డు లేదు, చెట్టు లేదు, కనీసం నీడనిచ్చే గోడ కూడా లేదు. ఉన్న నీడల్లా మా వరండా, అందులో గోడ వారగా కట్టిన పొడవాటి జగిలి. అందుకని బస్సుకోసం వచ్చిన ప్రతి మనిషీ గంపతో, సంచితో, ఒక్కోసారి మేకపిల్లతో సహా మా ఇంటికే వచ్చేవాడు. మా అమ్మ వాళ్లకు కడవతో నీళ్లు పెట్టేది. (ట్యాంకరు దగ్గర నేను పదిమందితో కొట్లాడి తెచ్చిన నీళ్లు!) రోజూ వచ్చేవాళ్లలో పూలత్త ఒకామె. ఇక్కడే కూర్చుని కనకాంబరాలు కట్టి, మూరలు చుట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు కదిరిలో అమ్మడానికి పోయేది. ఇంకొకాయన బీడీమామ. ఆయన ఏ బస్సు ఎక్కగా నేను చూడలేదు. బహుశా బీడీ కోసమే వచ్చేవాడు.

ఈ కచేరీకంతా పెద్ద మా నాయన. జగిలి పక్కన ఒకే ఒక్క చెక్క కుర్చీ ఉండేది, అది ఆయనది. అందులో కూర్చుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది యాడికి పోతుందో అందరికీ చెప్పేవాడు. జీతం లేని టైంకీపరన్నమాట. తర్వాత కళ్లకు పొర కమ్మింది. బోర్డులు కనిపించక ఇంజను చప్పుడును బట్టి చెప్పడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకనాడు నిశ్చితార్థానికి కదిరి పోవలసిన పదిమందిని, పండ్ల తట్టలతో సహా, “ఇదే, ఎక్కండప్పా” అని పుట్టపర్తి బస్సు ఎక్కించాడు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి మా ఇంటి ముందు నిలబడి ఏమన్నారో ఇక్కడ రాయలేను. ఆ రోజు నుంచి ఎవరడిగినా, “నాకేం తెలుసప్పా, కండక్టర్ను అడుగు” అని తల పక్కకు తిప్పుకునేవాడు. కుర్చీ మాత్రం వదల్లేదు.

నేను పట్టుబట్టి ఆపరేషన్ చేయించాను. ఒక కన్ను ఇక పనికిరాదని డాక్టరు ముందే తేల్చేశాడు. మిగిలిందల్లా ఆ రెండోదే. కట్టు విప్పాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “ఎండ నేరుగా పడకూడదు, దుమ్ము పడకూడదు, నల్లద్దాలు తీయనీయొద్దు. ఉన్నది ఒక్క కన్ను, జాగ్రత్త” అన్నాడు. ఆ ‘ఒక్క కన్ను’ అన్న మాట నా గుండెలో దిగబడింది. మా ఇల్లేమో పడమటి ముఖం. రెండు దాటితే ఎండ వరండాలోకి తన్నుకుని వచ్చేస్తుంది. గాలికి రోడ్డు మీది ఎర్రదుమ్మంతా మాదే. “లోపల పండుకో నాయనా” అంటే, “సచ్చినోణ్ని పండబెట్టినట్ల లోపలెందుకు పండబెడతావు పాపా? ఈడనే ఉంటా” అన్నాడు. సరే, మనిషి కదలకపోతే ఎండనే ఆపుదాం, వరండాకు తెర కట్టిద్దామనుకున్నాను.

నా ఇల్లు, నా వరండా, నా జీతం. తెర ఎన్నుకునే అధికారం మాత్రం బస్సెక్కే జనానిదట! “టార్పాలు పట్ట కట్టు తల్లీ, వానొచ్చినా ఆపుతాది” అంది పూలత్త. గోరంట్లలో వానను ఆపడానికి పట్ట కట్టాలట! వచ్చే నాలుగు చినుకులను కూడా ఆపితే ఇంకేమన్నా ఉందా? “గోనెసంచులు కుట్టి యాలాడదీసి నీళ్లు చల్లు, సల్లగుంటాది” అన్నాడు బీడీమామ. నీళ్లు ఈయన తెస్తాడా? గొర్రెలు తోలుకుని పోతూ ఆగిన ఒక పెద్దాయనైతే భుజం మీది నల్ల కంబళి తీసి, “ఇది కట్టుకోమ్మా, మళ్లొచ్చినప్పుడు తీసుకుంటా” అని చేతిలో పెట్టబోయాడు. మనసు మంచిదే, కాదనను. ఆ కంబళిలో గొర్రెల మందంతా ఉంది, వాసన రూపంలో.

వీళ్లందరి మాటా తోసేసి నా తెలివి ప్రకారం నర్సరీల మీద కప్పే పచ్చ వల తెచ్చి కట్టించాను. గర్వంగా లోపలికి పోయి టీ పెట్టుకుంటుంటే నాయన గావుకేక పెట్టాడు. “ఏమేవ్! నా కన్ను పాయెనే! మనుషులంతా పచ్చగా కనపడతాండారే!” అమ్మ చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను. చూస్తే వరండాలో నిజంగానే అందరూ పచ్చగా ఉన్నారు, పూలత్త, ఆమె గంప, బీడీమామ మీసాలతో సహా. వల లోంచి వచ్చే వెలుతురు అది. ఆ మాట నాయనకు నచ్చజెప్పేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. అర్ధగంటలో వల ఊడదీశాను. పూలత్త మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనీ!

ఆదివారం నాడు హిందూపురం పోయి, వెదురు తెరలు అల్లే పెద్దాయన్ను పట్టుకున్నాను. ఆయన రెండు రకాలు చూపించాడు. “బద్దకు బద్దకు సందు పెడితే రోడ్డు కనపడతాదమ్మా, ఎండ రోంత పడతాది. దగ్గర్దగ్గరగా అల్లితే ఎండ రాదు గానీ ఏమీ కనపడదు. ఏది గావాల?” అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “దగ్గరగా అల్లు. గాలి దూరినా చాలు, ఇంకేమీ దూరకూడదు” అన్నాను. మళ్లీ వారం అది తయారైతే చుట్ట చుట్టి బస్సు పైకెక్కించుకుని వచ్చాను. కండక్టరు, “ఏం టీచరమ్మా, ఇల్లు మారస్తాండావా?” అని బస్సంతా వినపడేలా అడిగాడు. వీడొకడు!

తెర కట్టాక వరండా చల్లగా, చీకటిగా, ఎంత బాగుందో. ఆ సుఖం తొలి హారన్ మోగేదాకానే. హారన్ వినగానే పదిమంది ఒక్కసారిగా లేచి తెర అడుగు పట్టుకుని ఎత్తారు. ఎండంతా భళ్లున నాయన ముఖాన పడింది. నేను అరిచాను. మళ్లీ హారన్, మళ్లీ ఎత్తారు, మళ్లీ అరిచాను. చివరికి తెర కింది అంచును ఇనుప కొక్కేలకు తాళ్లతో బిగించి, ‘తెర ముట్టరాదు’ అని అట్ట మీద రాసి తగిలించాను. ఇక వచ్చింది ఏ బస్సో తెలియక జనం పక్కనున్న సందులోంచి పడుతూ లేస్తూ పరుగెత్తేవాళ్లు. “టీచరమ్మ తెర పుణ్యాన నా బస్సు పాయె” అని నాకు వినపడేలా అనుకునేవాళ్లు. అనుకోనీ, మా నాయన కన్ను కంటే వీళ్ల బస్సులు ఎక్కువా?

ఆ శనివారం బడి నుంచి వస్తూ బస్సు కిటికీలోంచే చూశాను. నా తెరకు బొక్క! జానెడు వెడల్పు, నలుచదరంగా, పలకకు చట్రం బిగించినంత నీటుగా కోసి ఉంది. బస్సు ఆగకముందే దిగాననుకుంటాను. వరండాలో అందరినీ వరుసగా నిలబెట్టాను, మూడో తరగతి పిల్లల్ని నిలబెట్టినట్టు. పూలత్త గంపలో కత్తెర వెతికాను. బీడీమామ జేబులో చాకు తీయించాను. “ఎవరు కోశారు? చెప్పకపోతే ఒక్కరినీ కూర్చోనీయను” అన్నాను. అందరూ నేలచూపులు చూశారు. ఆఖరికి పూలత్త, “నేనే కోసినాననుకో తల్లీ, ఇడ్సిపెట్టు” అంది.

“అనుకోవడమేంటి? నువ్వు కోశావా లేదా?”

“అనుకో అంటాండా గదా!”

నాకు ఒళ్లు మండిపోయింది. నాయన వైపు చూస్తే, ఆయన నల్లద్దాలు పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. “నీ ఎదురుగా కోస్తుంటే ఊరుకున్నావా నాయనా?” అంటే, “నాకేం కనపడతాది పాపా” అన్నాడు దీనంగా. ఆ దీనత్వానికి నా కోపం రెట్టింపైంది. “రేపటి నుంచి మా జగిలి ఎవరికీ లేదు, పోండి” అని అందరినీ లేపేశాను. గంపలూ సంచులూ ఎత్తుకుని రోడ్డు దాటి, అవతల ఎండలో నిలబడ్డారు. అట్ట ముక్క తెచ్చి బొక్కకు అడ్డం కట్టేశాను. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మరునాడు ఆదివారం. మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. జగిలి ఖాళీ. బయట బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. అంతలో వరండాలోంచి నాయన గొంతు, ఎన్నాళ్లుగానో వినని పాత గొంతు, వీధంతా వినపడింది. “పూలమ్మా! దిగు, దిగు! అది పుట్టపర్తిది! కదిరిది ఎనకాల వస్తాది!”

పరుగెత్తుకుని వచ్చాను. నేను కట్టిన అట్ట కింద పడి ఉంది. నాయన కుర్చీని తెరకు ఆనించుకుని, నల్లద్దాలతో సహా ముఖాన్ని ఆ బొక్కలో పెట్టి ఉన్నాడు. ముక్కు ఇంచుమించు రోడ్డు మీదుంది. అప్పుడు నాకు వెలిగింది. జగిలి మీద కూర్చునేవాళ్ల తలలకు ఆ బొక్క అందదు. నిలబడినవాళ్లకేమో కడుపు దగ్గరుంటుంది. సరిగ్గా కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు ఉంది. మా వరండాలో ఉన్నది ఒకే కుర్చీ. లెక్కల టీచర్ను నేను!

రోడ్డవతల పూలత్త గంపతో సహా బస్సు మెట్టు మీంచి దూకింది. బస్సు పోయాక, నా మీద కోపం సంగతే మరిచిపోయి అరిచింది. “ఏమన్నా! బోర్డు కనపడిందా నీకి?”

“అక్షరం అక్షరం కనపడిందమ్మే!” అన్నాడు నాయన.

“నాయనా” అన్నాను వెనక నుంచి. ఆయన ఉలిక్కిపడి అరచెయ్యి బొక్కకు అడ్డం పెట్టాడు, అప్పటిదాకా అక్కడేమీ లేనట్టు. “ఎలకలు పాపా... ఎలకలు కొరికిండాయి” అన్నాడు.

“ఎలకలు స్కేలు పెట్టి కొరుకుతాయా?”

వెనక నుంచి అమ్మ వచ్చింది. “అరిచింది చాల్లే. కొడవలి ఇచ్చింది నేను, తెర పట్టుకున్నది బీడీమామ, కోసింది మీ నాయన. అందరూ నీకి భయపడి నోరు మూసుకున్యారు. ఇంగ ఏమంటావో అను.”

అనడానికి నా దగ్గర బోలెడుంది. ఎండ గురించి, దుమ్ము గురించి, డాక్టరు గురించి, అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేయడం గురించి. అంతా ఒక్కసారిగా మీద పడేద్దామని నోరు తెరిచాను. నాయన చెయ్యి మెల్లగా తీసి, “అద్దాలు తీయల్యా పాపా, నీ మీదొట్టు. డాక్టరు ఎండొద్దన్యాడు. రోడ్డొద్దన్యాడా?” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చూడమని కన్ను చేయించి, చూడకుండా గోడలాంటి తెర ఏరి తెచ్చింది నేనే గదా. అయినా కోపం పోలేదు సుమండీ, ఏడుస్తూనే రోడ్డు దాటాను. ఎండలో నిలబడిన వాళ్ల ముందుకు పోయి, “రండి, వచ్చి కూర్చోండి! ఇక్కడ వడదెబ్బ తగిలి పడితే ఆ పాపం నాకెందుకు?” అని గదమాయించాను. పూలత్త నా జడలో ఒక మూర కనకాంబరాలు గుచ్చి, గంప ఎత్తుకుని నా ముందే మా జగిలి ఎక్కింది. వెదురు బద్దలు ముక్కుకు గీరుకోకుండా అమ్మ ఆ బొక్క చుట్టూ పాత రవికగుడ్డతో అంచు కుట్టింది. ఆ కిటికీలోంచి, ఆ ఒక్క కంటితోనే, మా నాయన చాలా ఏళ్లు బోర్డులు చదివాడు. మళ్లీ ఒక్కరిని కూడా తప్పు బస్సు ఎక్కించలేదు.

ఈ మధ్య నాకూ కంట్లో పొర మొదలైంది. అనంతపురంలో మా ఇల్లూ ఖర్మకొద్దీ పడమటి ముఖమే. వరండాకు తెరలు కావాలని ఒక పెద్ద దుకాణానికి పోయాను. అక్కడి పెద్దమనిషి నున్నటి బూడిదరంగు తెరలు వరుసగా దించి చూపిస్తూ, “ఇది తీసుకోండి మేడమ్. దించితే ఎండ ఒక్క చుక్క రాదు, బయటిది ఏమీ కనపడదు” అన్నాడు. “రోడ్డు?” అన్నాను. “రోడ్డెందుకు మేడమ్?” అని నవ్వాడు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. “ఎండొద్దంటి గానీ రోడ్డొద్దంటినా?” అని అరిచాను. దుకాణమంతా నా వైపు చూసింది. ఆ గొంతు ఎవరిదో నాకు మెట్లు దిగేటప్పుడు తెలిసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, ఎదురుగా పోయే బస్సుల బోర్డులు కనిపించినంతవరకు చదువుకుని, ఆ తర్వాత ఇంటికొచ్చాను.